పన్నెండు తొక్కుళ్ళు

గట్టు తీసేసింది అనంతకృష్ణే. ఆ సంగతి అనంతకృష్ణకి తెలుసు, ఆయన భార్య సీతారావమ్మకి తెలుసు, ఆ వేళ చేలో దిగిన కోత మిషను డ్రైవరుకీ తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు మొహం పెట్టగలిగే విద్య మాత్రం అనంతకృష్ణ ఒక్కడికే అబ్బింది. "అడ్డంగా గట్టుంటే మిషనోడు దిగనంటున్నాడ్రా. అయినా నీ గట్టు ఎక్కడికి పోద్ది, నేలలోనే ఉందిగా" అన్నాడు మూడేళ్ళ కిందట తమ్ముడు వీరరాఘవయ్యతో. తమ్ముడి చెక్క పొలం కూడా కౌలుకి చేస్తున్నది ఆయనే. అటూ ఇటూ కలిసి ఒకే చేనైపోయింది.

నేలలో ఉన్న ఆ గట్టుని ఇప్పుడు పైకి తీయాల్సొచ్చింది. మంగళవారం సాయంత్రం వీరరాఘవయ్య ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు నుంచి పటమటలో తన అద్దె ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా అన్న దగ్గర్నుంచి ఫోను.

"ఒరే రాఘవా, శుక్రవారం మన డొంక వైపు రీసర్వే అంట. ఎనిమిదింటికల్లా వస్తారు. నువ్వు రాకపోతే ఉమ్మడి కిందే రాసుకుపోతారు. వస్తే హద్దు చూపించి ఎవరిది వాళ్ళం విడగొట్టించుకోవచ్చు. ఇంతకీ హద్దెక్కడో నీకు గుర్తుందా?"

"తీసేసినోళ్ళకి గుర్తుండాలి ముందు."

"మొదలెట్టావా!" అని నవ్వాడు అనంతకృష్ణ. "ఎందుకురా గోల. మొత్తం రెండెకరాల ముప్ఫై అయిదు సెంట్లు. చెరి సగం అనుకుంటే పోద్ది."

"చెరి సగం ఎట్టా కుదురుద్దన్నయ్యా? నాన్న అట్టా పంచలా."

నాన్న వెంకటప్పయ్య పంచింది కాగితం మీద కాదు, సైకిలు మీద. డొంక బాట పక్కన బోదె కాలవ తూముకి వెనక చక్రం ఆనించి, కుడి పెడలు నిటారుగా పైకి పెట్టి, మధ్యలో కాళ్ళు ఆపకుండా తొక్కుకుంటూ పోయాడు. పెడళ్ళని తిప్పే క్రాంకులో ఆ సైకిలుకి ఎప్పుడూ ఏదో వదులు. పెడలు ఒక చుట్టు తిరిగితే ఒక 'టక్'. ఆ టక్కులే ఆయన లెక్క. పన్నెండో టక్కు దగ్గర దిగి మడమతో గీత గీశాడు. "తూము నుంచి ఇక్కడిదాకా చిన్నోడిది. అవతలదంతా పెద్దోడిది. చిన్నోడి చెక్క పల్లం, నీళ్ళు నిలబడతాయి. అందుకని వాడికి రవ్వంత ఎక్కువ." సెంట్లు చెప్పలేదు. అడిగిన వాళ్ళూ లేరు. ఊళ్ళో ఎవరి చేను పొడవు వాళ్ళ సైకిలుకి తెలిసిన రోజులవి. పాసు పుస్తకంలో మాత్రం ఇద్దరి పేర్లూ కలిపే ఎక్కాయి.

పల్లం అన్నది నలుగురి కోసం చెప్పిన మాట. అసలు సంగతి వీరరాఘవయ్యకి తెలుసు. పెద్దోడిని ఉయ్యూరు కాలేజీకి పంపడానికి చిన్నోడిని ఏడో తరగతిలో మాన్పించి గేదెల వెంట తోలాడు వెంకటప్పయ్య. ఆ మాట నోరు తెరిచి ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ రవ్వంత ఎక్కువే ఆయన ఒప్పుకున్న ఒప్పుకోలు. అది ఎన్ని సెంట్లని కాదు. అది పోతే ఇంకేం మిగలదు.

"పన్నెండు తొక్కుళ్ళు" అన్నాడు ఫోనులో. "నాన్న సైకిలు నా దగ్గరే ఉంది. తెస్తా. అందరి ముందూ తొక్కి చూపిస్తా."

"తీసుకురా మరి" అన్నాడు అనంతకృష్ణ. గొంతులో నవ్వు ఉందో లేదో తెలియలేదు.

మేడమెట్ల కింద గోనెపట్టా కప్పిన సైకిలుని బయటికి లాగాడు. టైర్లలో గాలి లేదు. పెడలు చేత్తో తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరమంది, సగం చుట్టులో బిగుసుకుపోయింది. రెండేళ్ళుగా దాన్ని ఎవరూ తొక్కలేదు.

డయాగ్నస్టిక్ ల్యాబు నుంచి అప్పుడే వచ్చిన కూతురు ఉషశ్రీ చెప్పులు విప్పుతూ సంగతంతా వింది. "నాన్నా, ఇంత దానికి సైకిలు మోసుకుపోవడం దేనికి? ఇప్పుడే సందులో ఒక్క చుట్టు బలవంతంగానైనా తిప్పుదాం. నేను టేపు పెట్టి కొలుస్తా. పన్నెండుతో గుణిస్తే అడుగులు వచ్చేస్తాయి. కాగితం మీద రాసుకుని బస్సులో వెళ్ళు."

"ఏడో తరగతోడికి గుణకారం నేర్పుతున్నావా?"

"అదేం మాట నాన్నా!"

"మరేంటి? మీ తాత లెక్కని టేపు పెట్టి సరిచూస్తావా? కాగితం చూపిస్తే మీ పెదనాన్న ఏమంటాడో తెలుసా? ఇదెవరు రాశారంటాడు. సైకిలు చూశాడనుకో, నోరు మూసుకుంటాడు. ఆ సైకిలే రావాలి. ఇంకోదానితో లెక్క రాదు."

ఉషశ్రీ తండ్రి వంకా సైకిలు వంకా చూసి లోపలికి పోయింది.

బుధవారం షెడ్డులో సగం పూట సెలవు అడిగి, ఒక సీసాలో కొంచెం డీజిలు, ఒక డబ్బా మూతలో గ్రీజు, రెండు పౌన్ల సుత్తి తెచ్చుకున్నాడు. సైకిలుని వాకిట్లో తలకిందులుగా నిలబెట్టి ముందు చైను విప్పాడు.

"షాపులో ఇస్తే గంటలో చేసిచ్చేవాడు కదండీ" అంది భార్య కనకలక్ష్మి, బియ్యం చేట పట్టుకుని గడపలో కూర్చుంటూ.

"ఇరవై టన్నుల లారీకి తలుపులు బిగించేవాణ్ణి, సైకిలు క్రాంకు విప్పలేనా?"

"విప్పలేరని ఎవరన్నారు. బిగించడం గురించే నా భయం."

పెడలు కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచేది ఒక చిన్న కాటర్ పిన్ను, బలపం ముక్కంత. కడ్డీకొకటి. ఎడమ పక్కది నాలుగు దెబ్బలకి జారింది. దాని వెనక కప్పు ఊడదీసేసరికి గోళీలు నల్లటి గ్రీజుతో సహా పళ్ళెంలోకి బొటబొటా రాలాయి. లెక్కపెట్టాడు, పదకొండు. వాటిలో నాలుగు గుండ్రం పోయి జొన్న గింజల్లా తయారయ్యాయి. గూడు లోపల వేలు పెట్టి తిప్పితే గట్టిపడిన మట్టి గోటికి తగిలింది. విజయవాడలో ఎక్కడా లేని నల్లమట్టి అది. చేలో దిగి, డొంక మీదికెక్కి, బోదె దాటి, ఏళ్ళ తరబడి లోపలికి చేరిన మట్టి. గుడ్డతో తుడిచి, దులిపి, మురిక్కాలవలో పారేశాడు.

కుడి పక్క కప్పుది ఎడమ మర. అన్నిటిలా తిప్పితే ఇంకా బిగుసుకుపోతుంది. చాలామంది సైకిళ్ళ వాళ్ళే ఆ సంగతి మరిచిపోయి మర చెడగొడతారు. వీరరాఘవయ్య మరిచిపోలేదు. "చూశావా" అన్నాడు పెళ్ళాంతో, "ఇటు తిప్పాలి దీన్ని. నాన్న చెప్పాడు."

"మంచిది" అంది ఆమె రాళ్ళు ఏరుతూ.

అయితే ఆ కప్పు దాకా పోవాలంటే ముందు కుడి కడ్డీ ఊడాలి. దాని పిన్ను కదల్లేదు. డీజిలు పోసి పావుగంట ఆగాడు. మళ్ళీ కొట్టాడు. కడ్డీ కింద గొట్టం ముక్క ఆనించి, నెమ్మదిగా, పిన్ను నెత్తి మీద నిటారుగా కొట్టాల్సిన పని అది. లారీ రివెట్లు కొట్టి కొట్టి ఉన్న చెయ్యి. నెమ్మది దానికి అలవాటు లేదు. భుజం దాకా సుత్తి ఎత్తి దించాడు. పిన్ను వంగింది. ఇంకో దెబ్బ వేశాడు. పిన్ను ఊడింది గాని, దాంతోపాటు కడ్డీకి ఇరుసు దూరే కన్ను దగ్గర వెంట్రుక మందాన ఒక చీలిక. వేలితో తడిమితే తెలుస్తోంది.

ఆ కడ్డీకే పళ్ళ చక్రం అతికి ఉంటుంది. ఒకటి పోతే రెండూ పోయినట్టే.

కనకలక్ష్మి చేట దించింది.  ఆమె ఏదన్నా అని ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

గురువారం పొద్దున షెడ్డుకి పోతూ చీలిన కడ్డీతో ఉన్న ఆ చక్రాన్నీ, ఇరుసునీ సంచిలో వేసుకుని సైకిలు సామాన్ల షాపుకి వెళ్ళాడు. షాపువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అబ్బో, పాతకాలం సామానండీ. ఇది ఇప్పుడు రావట్లేదు. ఇదిగో, ఇప్పుడొచ్చేది ఇదే. రెండు కడ్డీలూ, చక్రం, పిన్నులు కలిపి సెట్టు."

"నా ఇరుసుకి సరిపోద్దా?"

"ఎందుకు సరిపోదండీ. చైను కొంచెం వదులైతే ఒక లింకు తీసెయ్యండి, అంతే."

వీరరాఘవయ్య కడ్డీ పొడవు పాత దాని పక్కన పెట్టి చూశాడు. సమానం. కన్ను తన ఇరుసు మీద ఎక్కించి చూశాడు, చేసి పెట్టినట్టు కూర్చుంది. కొత్త చక్రం మెరుపు చూసి మనసు కుదుటపడింది. గోళీలు ఇరవై రెండు, కప్పులు రెండు తీసుకున్నాడు.

సాయంత్రం ఎండ వాలకముందే ఇంటికొచ్చి పని మొదలెట్టాడు. ఈసారి తొందరపడలేదు. కప్పులో గ్రీజు మెత్తి, గోళీలు ఒక్కొక్కటీ ముత్యాల్లా అద్దాడు. అటు పదకొండు, ఇటు పదకొండు. ఇరుసు దూర్చాడు. ఎడమ కప్పు బిగించి, పావు చుట్టు వెనక్కి వదిలి, మళ్ళీ రవ్వంత బిగించి, ఇరుసు ఊగకుండా, పట్టేయకుండా, రెండు వేళ్ళతో తిప్పితే తిరిగేదాకా ఓపిక పట్టాడు. కొత్త పిన్నులు కడ్డీ కింద గొట్టం పెట్టి మరీ కొట్టాడు. చైను ఎక్కిస్తే నిజంగానే వదులైంది. కిందికి వేలాడింది. షాపువాడు చెప్పినట్టే ఒక లింకు తీసేశాడు. అంగుళం ముక్క. దాన్ని చొక్కా జేబులో వేసుకుని పెడలు మీద అరచేత్తో కొట్టాడు. కొత్త గిలక మీద తాడులా చప్పుడు లేకుండా తిరిగింది చక్రం.

"టక్ పోయింది నాన్నా" అంది ఉషశ్రీ.

"పోతే పోనీ. లెక్కపెట్టడానికి నోరుంది."

టైర్లలో గాలి మాత్రం తండ్రి కొట్టినంతే కొట్టాడు. బొటనవేలితో నొక్కితే చర్మం మీద ముడత పడినంత మెత్తన. మరీ గట్టిగా కొడితే చక్రం పెద్దదై లెక్క తేడా వస్తుందని అతనికి తెలుసు.

శుక్రవారం తెల్లవారుతూనే బయల్దేరాడు. బందరు రోడ్డు మీద పోరంకి దాటేదాకా కాళ్ళకి బరువే తెలియలేదు. సైకిలు ఇంత తేలిగ్గా నడవడం అతను ఎరగడు. కాళ్ళు గిర్రున తిరుగుతున్నాయి. పెనమలూరు దగ్గర ఎదురుగాలి వచ్చినా దిగబుద్ధి కాలేదు. కొత్త గోళీలు, మంచి గ్రీజు. తన చేతి పని. యాభై రెండేళ్ళ వయసులో చాలా రోజుల తర్వాత వీరరాఘవయ్య తనని తాను మెచ్చుకున్నాడు. కంకిపాడులో ఆగి టీ తాగి, అక్కణ్ణుంచి ఊరి దారి పట్టాడు.

డొంక మీద అప్పటికే అందరూ ఉన్నారు. మినుము పీకేసిన చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. అనంతకృష్ణ తెల్లటి తువ్వాలు నెత్తిన కప్పుకుని నిలబడ్డాడు. సీతారావమ్మ మజ్జిగ క్యాను పట్టుకుని తుమ్మచెట్టు నీడలో ఉంది. సర్వేయరు పాతికేళ్ళ పిల్ల, పేరు సాయిశ్రీ, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో నిలువెత్తు కడ్డీకి తగిలించిన సర్వే పరికరం.

"ఎండకి వచ్చావు, ముందు మజ్జిగ తాగు రాఘవా" అంది సీతారావమ్మ.

"తర్వాత తాగుతాలే వదినా."

సర్వేయరు ఇద్దరినీ పిలిచింది. "ముందే చెబుతున్నానండీ. హద్దు మేం నిర్ణయించం. మీరిద్దరూ ఒప్పుకుని ఒక చోటు చూపిస్తే పాయింటు తీసుకుంటాం, సంతకాలు పెడితే విడగొడతాం. ఒప్పుకోకపోతే ఉమ్మడిగానే ఉంటుంది."

"చెరి సగం అన్నానమ్మా నేను" అన్నాడు అనంతకృష్ణ. "వాడికి నచ్చలా."

"నాన్న పంచింది ఒకటుంది గదండీ" అని వీరరాఘవయ్య తూము చూపించాడు. "ఇక్కణ్ణుంచి పన్నెండు తొక్కుళ్ళు నాది. ఇదిగో ఆ సైకిలు. ఊళ్ళో ఎవరినన్నా అడగండి."

సాయిశ్రీ నవ్వాపుకుంది. "సైకిలుతోనా బాబాయిగారూ?"

అనంతకృష్ణ నవ్వలేదు. సైకిలు దగ్గరికొచ్చి గొంతుకూర్చున్నాడు. కొత్త చక్రాన్ని చూపుడువేలితో నిమిరాడు, చుట్టూ ఒకసారి వేలు తిప్పాడు. 

"బాగు చేయించావే."

"చేయించలా. చేశా."

"చప్పుడు లేదే?"

"బాగు చేశాక చప్పుడెందుకు వస్తది?"

అనంతకృష్ణ మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. "సరే. నాన్న లెక్క అన్నాక నేను కాదంటానా? కాని ఒక మాట. పన్నెండోది ఎక్కడ పడితే అక్కడే జెండా. ఆనక నువ్వుగాని నేనుగాని మాట మార్చకూడదు. అమ్మా, నువ్వే సాక్షి."

ఎదురు చెబుతాడని, కేకలేస్తాడని, నాన్న అట్టా అనలేదని దబాయిస్తాడని దారి పొడుగునా జవాబులు సిద్ధం చేసుకుని వచ్చాడు వీరరాఘవయ్య. ఒక్కటీ అవసరం పడలేదు. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

వెనక చక్రం తూముకి ఆనించాడు. కుడి పెడలు నిటారుగా పైకి. ఎక్కాడు. ఒక చుట్టు తిరిగి కుడి పెడలు మళ్ళీ పైకొచ్చాక "ఒకటి" అన్నాడు గట్టిగా. కాళ్ళు ఆపలేదు. "రెండు." డొంక మీద గతుకులకి హ్యాండిలు అటూ ఇటూ కొట్టుకుంటోంది. "ఆరు." అన్న వెనకాలే నడిచి వస్తున్నాడు, చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. "పది. పదకొండు." మోకాలు పైకి లేచి, దిగి, మళ్ళీ లేచింది. "పన్నెండు."

దిగాడు. మడమతో గీత గీశాడు, నాన్న గీసినట్టే.

గీసి చేలోకి చూశాడు. ఇంకొంచెం అవతలేమో అనిపించింది. గట్టు ఉన్నప్పుడు ఎదురు చేలో రెండు తాడిచెట్లు దానికి గురిగా ఉండేవి. ఆ చెట్లు కొట్టేసి ఎన్నాళ్ళయిందో. గట్టు లేని నేల అంతా ఒకేలా ఉంటుంది. లెక్క మాత్రం లెక్కే. పన్నెండు.

"ఇక్కడేనా అండీ?" అంది సాయిశ్రీ.

"ఇక్కడే."

"పెదనాన్నగారూ?"

"వాడు ఎక్కడంటే అక్కడే" అన్నాడు అనంతకృష్ణ.

ఎర్ర జెండా గుచ్చారు. పాయింటు తీసుకున్నారు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. వీరరాఘవయ్య తన పేరు పొడుగ్గా, ఒక్క అక్షరం కూడా మింగకుండా రాశాడు. అప్పుడు వెళ్ళి వదిన చేతి మజ్జిగ తాగాడు. రెండో గ్లాసు కూడా అడిగి తాగాడు.

అరగంట తర్వాత సాయిశ్రీ ట్యాబు చూస్తూ చదివింది. "తూము వైపు చెక్క, వీరరాఘవయ్యగారిది, ఎకరం పది సెంట్లు. అవతలి చెక్క, అనంతకృష్ణగారిది, ఎకరం పాతిక."

వీరరాఘవయ్య గ్లాసు కింద పెట్టాడు. "తిప్పి చదివావేమోనమ్మా. ఎక్కువ నాది."

ఆ పిల్ల మళ్ళీ చూసింది. పాపం, పొలం లోపలిదాకా పోయి నాలుగు మూలలూ మళ్ళీ పెట్టి చూసింది. "అంతేనండీ. మీరు చూపించిన చోటే తీసుకున్నాం. అభ్యంతరం ఉంటే అర్జీ పెట్టుకోవచ్చు బాబాయిగారూ. కాకపోతే హద్దు మీరే చూపించారు, సంతకం కూడా ఉంది. ఏమని రాస్తారు?"

ఏమని రాస్తాడు? పన్నెండు తొక్కాడు. అందరూ చూశారు.

"చెరి సగం అన్నాను" అన్నాడు అనంతకృష్ణ తువ్వాలు దులుపుకుంటూ. "ఎకరం పదిహేడున్నర వచ్చేది నీకు. వినలా."

తిరుగు దారంతా సైకిలు అంత తేలిగ్గానే నడిచింది. సర్వే మిషను తప్పయ్యుండాలి, లేకపోతే నాన్నే తప్పయ్యుండాలి. నాన్న తప్పు అనుకోవడానికి మనసొప్పలేదు. రవ్వంత ఎక్కువ అన్నాడు. ఆ మాట కూడా ఉత్తదేనా? పెద్దోడికి పదిహేను సెంట్లు ఎక్కువిచ్చి, చిన్నోడి నోరు మూయించడానికి చెప్పిన మాటా? కంకిపాడు నుంచి పటమట దాకా అదే ఆలోచన. ఎండ నెత్తిన మాడుస్తున్నా ఎక్కడా ఆగలేదు.

ఇంటికొచ్చి సైకిలు గోడకి కొట్టినట్టు ఆనించి, చొక్కా విప్పి పడేసి, వాకిట్లో చతికిలబడ్డాడు. కనకలక్ష్మి ఆ చొక్కా తీసుకుంది. చొక్కా తడపబోతూ జేబు తడిమింది.

"ఇదేంటండీ, జేబులో ఇనప ముక్క?"

చైను లింకు. ఆమె అరచేతిలో నల్లగా, అంగుళం ముక్క.

వీరరాఘవయ్య దాని వంక చూశాడు. చైను ఎందుకు వదులైంది? ఇరుసు అక్కడే ఉంది. వెనక చక్రం అక్కడే ఉంది. ఆ ప్రశ్న నిన్న సాయంత్రం ఇదే వాకిట్లో, లింకు చేతిలో ఉన్నప్పుడు రావాల్సింది.

లేచి మెట్ల కింద సంచిలోంచి పాత చక్రం తీశాడు. ఉషశ్రీ సుద్దముక్క తెచ్చిచ్చింది, అడక్కుండానే. ఒక పన్ను మీద గుర్తు పెట్టి లెక్కపెట్టాడు. నలభై ఎనిమిది. సైకిలు దగ్గర కూర్చుని కొత్తది లెక్కపెట్టాడు. నలభై నాలుగు. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాడు. గుర్తు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ నలభై నాలుగే.

పళ్ళు తగ్గితే పెడలు ఒక చుట్టుకి సైకిలు ముందుకి పోయేది తగ్గుతుంది. కాలికి తేలిక. పోరంకి దాటేదాకా అతను మురిసిపోయిన తేలిక.

కూతురు ఫోనులో లెక్క వేయబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. ఏడో తరగతి అయినా ఎక్కాలు నోటికి వచ్చు. నాపరాయి మీద సుద్దతో రాశాడు. నలభై నాలుగు పన్నెండ్లు అయిదు వందల ఇరవై ఎనిమిది. నలభై ఎనిమిది పదకొండ్లు అయిదు వందల ఇరవై ఎనిమిది. రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూసుకున్నాడు.

అన్నకి ఫోను చేశాడు. చక్రం పళ్ళు, షాపువాడు, లింకు, అన్నీ తడబడుతూ చెప్పాడు. అవతల అనంతకృష్ణ ఆఖరుదాకా విన్నాడు.

"పొద్దున్నే అనుకున్నాన్రా, చక్రం చిన్నదిగా ఉందేంటా అని."

"మరి చెప్పలేదే అన్నయ్యా!"

"నీ చేత్తో చేశానంటివి. నువ్వు చేసినదానికి నేను వంక పెడితే ఎప్పుడన్నా ఊరుకున్నావా? నాన్న లెక్క అన్నావు. సరే అన్నా. ఇప్పుడు నాన్న లెక్క తప్పు అంటున్నావు. ఇంకేం చెయ్యమంటావు చెప్పు."

వీరరాఘవయ్య నాపరాయి మీది అంకెల వంక చూశాడు.  "భోంచేసి పడుకో, ఎండన పడి వచ్చావు" అని పెట్టేశాడు అనంతకృష్ణ.

ఉషశ్రీ గడపలో నిలబడి ఉంది. టేపు మాట ఆమె ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు. సైకిలు పెడలు గాలికి దానంతటదే పావు చుట్టు తిరిగి ఆగింది, చప్పుడు లేకుండా.

నాన్న అబద్ధం ఆడలేదు. చిన్నోడికి ఇచ్చింది ఎకరం ఇరవై, పెద్దోడి కన్నా అయిదు సెంట్లు ఎక్కువ. పదకొండు తొక్కుళ్ళకి ఎకరం పది, అంటే ఒక్కో తొక్కుడికి పది సెంట్లు. పన్నెండు తొక్కాననుకుని వీరరాఘవయ్య నాన్న లెక్కలో తొక్కింది పదకొండు. పోయింది ఒక్క తొక్కుడు.

పది సెంట్లు.